మేము మార్చిన కోచ్

భీమయ్య దుబాయ్‌లో ఇంకా ఉండాలా, ఇంటికి పోవాలా అన్నది ఒక ఫుట్‌బాల్ టీమ్ మీద ఆధారపడి ఉందని ముగ్గురికే తెలుసు. ఒకరు భీమయ్య. ఇంకొకరు మా ఫ్యాక్టరీ ముదీర్, అంటే మేనేజరు. దాని గురించిన ఉత్తరం టైపు చేసింది నేనే కాబట్టి మూడోవాణ్ణి నేను.

జెబెల్ అలీలో ప్లాస్టిక్ పైపులు చేసే ఫ్యాక్టరీ మాది. నేను ల్యాబ్‌లో కెమిస్టుని. పైపు ముక్కలో నీళ్లు నింపి, ఒత్తిడి పెంచుతూ పోయి, ఎంతకు పగిలిందో రాయడం నా పని. భీమయ్య పౌడర్ కలిపే షెడ్డులో మిక్సర్ నడిపేవాడు. సాయంత్రానికి కనుబొమలు కూడా తెల్లబడిపోయేవి. మొహం కడుక్కుంటే మళ్లీ నల్లటి కనుబొమలు బయటపడేవి. అరవై ఏళ్ల మనిషికి అంత నల్లటి కనుబొమలేమిటని నేనొకసారి అడిగాను.

"అరవై పాస్‌పోర్టుకు సారూ, నాకు గాదు," అన్నాడు.

ఆయనది బెల్లంపల్లి. తండ్రి బొగ్గుబాయిలో పనిచేసేవాడు. తండ్రి ఉద్యోగం అన్నకు వెళ్లింది. భీమయ్య 1980లో బొంబాయి మీదుగా దుబాయ్ వచ్చాడు. ముప్పై దాటినవాళ్లకయితే చార్జ్‌హ్యాండ్ పని, అంటే మేస్త్రీ పని ఇస్తారని లాడ్జిలో ఎవరో చెబితే, ఏజెంటుతో తన వయసుకు ఆరేళ్లు కలిపి రాయించుకున్నాడు. ఆ పని రాలేదు. బస్తాలు మోసే పని వచ్చింది. కలిపిన ఆరేళ్లు మాత్రం పాస్‌పోర్టులో ఉండిపోయాయి. అసలు వయసు యాభై నాలుగే అయినా 2006లో ఆయన కాగితం మీద అరవై ఏళ్లవాడయ్యాడు. అరవై నిండితే మా కంపెనీ వీసా కొత్తది చేయదు. ఆయన వీసా 2007 ఏప్రిల్ వరకు ఉంది.

మా ముదీర్ జోర్డాన్ మనిషి, ఫుట్‌బాల్ పిచ్చివాడు. నవంబరులో నన్ను పిలిచి హెడ్డాఫీసుకు ఉత్తరం రాయమన్నాడు. క్యాంపులో ఫుట్‌బాల్ టీమ్‌ను పన్నెండేళ్లుగా నడుపుతున్నది భీమయ్యే, ఈయన లేకపోతే టీమ్ లేదు, కాబట్టి ఒక్కొక్క ఏడాది చొప్పున పొడిగించండి అని అందులో రాశాను. సీజన్ అయ్యాక, మార్చిలో సంతకం పెట్టి పంపుతానని ఆయన దాన్ని సొరుగులో పెట్టుకున్నాడు.

"మనోళ్లకు చెప్పకు సారూ," అన్నాడు భీమయ్య ల్యాబ్ బయట బెంచీ మీద చాయ్ తాగుతూ. "చెప్తే జాలితోటి ఆడతరు. జాలితోటి తంతే బాల్ గోల్ల వడదు."

"ఇంటికి వెళ్లాలని లేదా భీమన్నా?"

"ఇరవై ఆరేండ్లల్ల ఇంటికాడ ఎన్ని దినాలున్ననో లెక్క తియ్యి."

రెండేళ్లకోసారి రెండు నెలల సెలవు. నోటిలెక్కే. ఇరవై ఆరు నెలలు.

"ఆ ఊర్ల నేను సుట్టాన్ని. నా పెండ్లాం సాయవ్వ మంచిగనే సూసుకుంటది. కానీ సుట్టం అచ్చిండు, మల్ల పోతలేడు అంటే ఎట్లుంటది చెప్పు?" అని నవ్వాడు. తర్వాత, రోజూ అడిగేదే అడిగాడు. "పాప పాలు తాగిందా?"

మా పాప తన్మయికి అప్పటికి ఐదు నెలలు. నేను దాని పాలూ జ్వరమూ ఒక పుస్తకంలో గంటల ప్రకారం రాసేవాణ్ణి. అంకె కాగితం మీద ఉంటే భయం కొంచెం తగ్గినట్టు ఉండేది. అలాంటిదే ఇంకో పుస్తకం టీమ్‌కి కూడా పెట్టాను. ఎవరితో మ్యాచ్, ఎవరు ఆడారు, ఎన్ని గోల్స్.

అల్ వర్సాన్‌లో మా క్యాంపు వెనక ఇసుక నేల మీద శుక్రవారాలు సాయంత్రం నాలుగింటికి మ్యాచ్‌లు. చుట్టుపక్కల ఎనిమిది కంపెనీల లీగ్ అది. గీతలు గీసే తెల్లపొడి భీమయ్య షెడ్డులో నేల ఊడ్చినది. గోల్ పోస్టులు నేను ల్యాబ్‌లో ఫెయిల్ చేసిన నాలుగంగుళాల పైపులు. చిన్నప్పుడు బాయి కాలనీ టీమ్‌లో భీమయ్య చెప్పుల్లేకుండా డిఫెండర్‌గా ఆడాడట. అక్కడి నుంచి రెండు నియమాలు తెచ్చుకున్నాడు. షిఫ్టు దిగినవాణ్ణి అదే రోజు ఆడించకూడదు. ప్రాక్టీసుకు వచ్చిన ప్రతివాణ్ణీ కాసేపైనా ఆడించాలి.

ఆ రెండూ ఆ ఏడాది టీమ్‌ను ముంచాయి. మాకు గోల్ కొట్టేవాడంటూ ఉన్నది నేపాల్ కుర్రాడు నర్‌బహదూర్ ఒక్కడే. కొత్త పైపు మెషీన్ వచ్చాక అతనికి వారం విడిచి వారం నైట్ షిఫ్టు పడేది. శుక్రవారం పొద్దున ఆరింటికి షిఫ్టు దిగితే, భీమయ్య వాణ్ణి సాయంత్రం ఆటలో దింపేవాడు కాదు. వాడు లేని ప్రతి మ్యాచ్ ఓడిపోయాం.

నేను క్యాంపు పక్కనే ఇంటర్నేషనల్ సిటీలో చిన్న ఫ్లాట్‌లో ఉండేవాణ్ణి కాబట్టి కంపెనీ బస్సులోనే వెళ్లి వచ్చేవాణ్ణి. ట్రాఫిక్‌లో గంటన్నర ప్రయాణం. ఆ గంటన్నరా భీమయ్య మీదే చర్చ. ఆయన డ్రైవర్ వెనక సీటులోనే కూర్చుని ఉండేవాడు. అయినా ఎవరూ గొంతు తగ్గించేవారు కాదు.

"ఓ భీమన్నా!" పోచన్న వెనక నుంచి అరిచేవాడు. జగిత్యాల దగ్గరివాడు, పైపు మెషీన్ ఆపరేటరు, భీమయ్య గదిలోనే ఉంటాడు. "నర్‌బహదూర్‌ను కూసోవెట్టి ఆ మెస్సుల వంటోన్ని ఆడిపిచ్చినవేందే? వాడు బాల్‌ను సూసి చపాతి పిండి అనుకుంటుండు. తన్నమంటే పిసుకుతుండు!"

భీమయ్య వెనక్కి తిరక్కుండానే, "వాడు నెల దినాల సంది ప్రాక్టీసుకు అస్తుండురా. నువ్వు ఒక్కనాడన్న అచ్చినవా?" అనేవాడు.

"అది కాదండీ భీమయ్య గారూ," అని వెంకట్రావు అందుకునేవాడు. ఆయన పర్చేజ్ సెక్షన్, తెనాలి మనిషి. టీవీలో యూరప్ మ్యాచ్‌లన్నీ చూస్తాడు. "ఇంగ్లండులో అయితే మూడు ఓడితే చాలండీ, కోచ్ పెట్టె సర్దుకోవాల్సిందే. మనం నాలుగు చూశాం. మా ఓర్పుకి దండ వెయ్యాలి మీరు."

"నువ్వుండప్పా సామీ," అనేది హలీమాబీ. ఆఫీసులో చాయ్ పెట్టే ఆమె, రాయచోటి నుంచి వచ్చింది. ఆడవాళ్లలో మ్యాచ్‌లకు వచ్చేది ఆమె ఒక్కతే. "ఇంగ్లండోళ్లు రాత్రంతా మిషన్ కాడ నిలబడి వస్తారా ఆటకి? కానీ భీమన్నా, ఒక్క గోలన్నా చూపియ్యి. నోరు తెరిచి అరిచి ఎన్నాళ్లాయనో!"

బస్సంతా నవ్వేది. భీమయ్య కూడా నవ్వేవాడు. ఎంత తిడితే అంత హాయిగా కూర్చునేవాడు. గదిలో పన్నెండుమంది మధ్య ఇరవై ఆరేళ్లుగా పడుకున్న మనిషి, తన పేరు అందరి నోళ్లలో నానడం ఆయనకు ఇష్టమేమో అనిపించేది నాకు.

జనవరి చివర్న ఎమిరేట్స్ గల్ఫ్ కప్ గెలిచింది. రెండు రోజులు రోడ్ల మీద ఒకటే హారన్లు, జెండాలు. మా ముదీర్ అందరికీ స్వీట్లు పంచి, మన టీమ్ ఎప్పుడు గెలుస్తుందని నవ్వుతూ అడిగాడు. ఆయన నవ్వుతూనే అన్నాడు. మావాళ్లు దాన్ని మనసులో పెట్టుకున్నారు. ఫిబ్రవరి రెండో శుక్రవారం ఒక అద్దాల కంపెనీ మా మీద ఆరు గోల్స్ కొట్టింది. మేము ఒక్కటీ కొట్టలేదు. నర్‌బహదూర్ గీత బయట కూర్చుని ఇసుకలో పుల్లతో ఏదో గీసుకుంటూ ఉండిపోయాడు.

మర్నాడు భీమయ్యకు ఓవర్‌టైమ్ పడింది. బస్సులో డ్రైవర్ వెనక సీటు ఖాళీ.

"ఖలాస్," అన్నాడు పోచన్న. "ఇగ మార్సుడే. కోయాను వెడదం. మలప్పురపోడు, పుట్టుడు పుట్టుడే కాలికి బాలుంటది వాళ్లకు."

కోయా కేరళ నుంచి వచ్చిన ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరు. మంచి ఆటగాడే, మోకాలు పోయి మానేశాడు.

"ఆ సూడాన్ వాచ్‌మన్ తిజానీ ఉన్నాడు కదా," అంది హలీమాబీ. "నిమ్మళస్తుడు. అరిచే మనిషి కాదు."

"అరవడు సరేనమ్మా, అసలు మాట్లాడతాడా?" అన్నాడు వెంకట్రావు. "మూడేళ్లుగా గేటు దగ్గర నన్ను చూస్తున్నాడు, ఇంతవరకు మర్హబా అని పలకరించలేదు. ఎందుకొచ్చింది, నన్నే పెట్టండి. సిద్ధాంతమంతా నాకు వచ్చు."

"నువ్వా! బస్సు మెట్లెక్కితెనే రొప్పుతవు!"

నవ్వులు ఆగాక పోచన్న నా వైపు తిరిగాడు. "సారూ, మీ బుక్కు దియ్యుండ్రి. నర్‌బహదూర్ ఆడితే ఏందో, ఆడకుంటే ఏందో చదువుండ్రి."

నేను తీసి చదివాను. అతను ఆడినవి నాలుగు, గెలిచినవి మూడు, గోల్స్ ఏడు. ఆడనివి ఐదు, గెలిచినవి లేవు, గోల్ ఒక్కటి. నా అంకెల్లో తప్పు లేదు. కానీ ఎవరు ఏ షిఫ్టు చేసి వచ్చారో రాసే గడి ఆ పుస్తకంలో లేదు. అది నాకు అప్పుడు తోచలేదు.

"రాయుండ్రి సారూ పిటిషన్. అందరం దస్కత్ వెడతం. మీ ఇంగ్లీషైతెనే ముదీర్ సదువుతడు."

అప్పుడే నా భార్య ఆమని ఫోన్ చేసింది. పాపకు జ్వరం నూట రెండు, తడిగుడ్డ వేసినా తగ్గడం లేదని. పోయిన నెల ఇలాగే జ్వరం పెరిగి పాపకు ఫిట్స్ వచ్చాయి. బస్సు ట్రాఫిక్‌లో కదలడం లేదు. ఒకవైపు ఆమని గొంతు, ఇంకోవైపు పోచన్న చేతిలో కాగితం. రాయనంటే ఎందుకు అంటారు. ఎందుకో చెప్పనని మాటిచ్చాను. భీమయ్య మంచివాడు, పాత మనిషి అని గొణిగాను. మంచోడని ఎవరు కాదన్నారు సారూ అన్నారు.

అప్పుడు నాకొక తెలివైన ఆలోచన వచ్చింది. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గు వేస్తుంది. 'కోయాను కోచ్‌గా నియమించవలసిందిగానూ, భీమయ్యను టీమ్ సలహాదారుగా కొనసాగించవలసిందిగానూ' అని రాశాను. వీళ్ల కోరికా తీరుతుంది, భీమయ్య పేరూ టీమ్‌లో ఉంటుంది అనుకున్నాను. మోకాలి మీద పెట్టుకుని పావుగంటలో రాసేశాను. ముప్పై నాలుగు సంతకాలు. హలీమాబీ వేలిముద్ర వేస్తూ, "సలహాదారంటే పెద్ద పదవే కదప్పా?" అని అడిగింది. పెద్దదే అన్నాను. బస్సు దిగి ఇంటికి పరిగెత్తాను. ఇల్లు చేరేసరికి పాప జ్వరం తగ్గి, చెమట పట్టి నిద్రపోతోంది.

మూడు రోజుల తర్వాత ముదీర్ నన్ను పిలిచాడు. బల్ల మీద రెండు కాగితాలు పక్కపక్కన ఉన్నాయి. నవంబరులో టైపు చేసినది ఒకటి, బస్సులో చేత్తో రాసినది ఒకటి.

"ఈయన లేకపోతే టీమ్ లేదని రాసింది నువ్వు. ఈయన లేకుండా టీమ్ కావాలని రాసిందీ నువ్వే. నేను దేని మీద సంతకం పెట్టాలి?"

"సలహాదారు అని రాశాను సార్."

"సలహాకు వీసా ఇవ్వరు." ఆయన కోపంగా అనలేదు. "పొద్దున హెడ్డాఫీసు వాళ్లు అరవై నిండి ఇంటికి పంపాల్సినవాళ్ల జాబితా అడిగారు. ముప్పై నాలుగు మంది మనుషులు తమకు ఈ మనిషి వద్దంటుంటే, ఈయన తప్పనిసరి అని నేనెలా చెప్పను? పేరు పంపేశాను."

ఆ సాయంత్రం బస్సులో మొత్తం చెప్పేశాను. భీమయ్య ఆ వారం రెండో షిఫ్టు, అందుకని బస్సులో లేడు. వెంకట్రావు కళ్లద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టి, ఆపలేదు. హలీమాబీ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పోచన్న లేచి నా సీటు దగ్గరికి వచ్చాడు.

"ముందుగాల చెప్తే నీదేం వోయేది సారూ? మేం దునియల అందర్ని తిడ్తం. తిట్టినోన్నల్లా ఎల్లగొట్టుమంటమా?"

మర్నాడు అందరూ కలిసి ఇంకో కాగితం పట్టుకుని వెళ్లారు, ఈసారి వచ్చీరాని ఇంగ్లీషులో కోయా రాశాడు, కోచ్ పదవి నాకొద్దని. ముదీర్ హెడ్డాఫీసుకు రెండుసార్లు ఫోన్ చేశాడు. వాళ్లు పుట్టిన తేదీ చూశారు. అంతకు మించి ఏమీ చూడలేదు.

భీమయ్యకు నేను చెప్పినందుకే కోపం వచ్చింది, పిటిషన్ రాసినందుకు కాదు. "చెప్పద్దంటి గద సారూ," అన్నాడు ఒకే ఒక్కసారి. తర్వాత వారం రోజులు చాయ్ వేళకు బెంచీ దగ్గరికి రాలేదు.

మార్చి రెండో శుక్రవారం ఆఖరి మ్యాచ్. భీమయ్యే నడపాలని అందరూ పట్టుబట్టారు. కోయా ఆయన చేయి పట్టుకుని గీత దగ్గరికి తీసుకెళ్లాడు. నర్‌బహదూర్ ఆ పొద్దునే నైట్ షిఫ్టు దిగాడు. అయినా బూట్లు వేసుకుని, వాళ్ల భాషలో అన్నా అన్నట్టు "దాయ్" అని పిలిచి, "నేను ఆడతాను, నిద్ర రావట్లేదు" అని హిందీలో బతిమాలాడు. ఆ ఒక్క మ్యాచ్ అయినా గెలిచి ఆయన్ను పంపాలని అందరి ఆశ.

భీమయ్య వాడి రెప్ప కిందికి లాగి కన్ను చూశాడు. "నై. బైఠ్," అన్నాడు.

మెస్సు వంటవాణ్ణి దింపాడు. మావాళ్లు ప్రాణం పెట్టి ఆడారు, పడి లేచారు, మోచేతులు గీరుకుపోయాయి. రెండు ఒకటితో ఓడిపోయాం.

అందరం క్యాంపు వైపు నడుస్తున్నాం. ఎవరూ మాట్లాడటం లేదు. వెంకట్రావు ఇసుకలో చెప్పులు ఈడుస్తున్నాడు. పోచన్న తల వంచుకుని నీళ్ల డబ్బా మోస్తున్నాడు. భీమయ్య కాసేపు చూసి ఆగిపోయాడు.

"అరె, ఎవలన్న తిట్టుండ్రిరా," అన్నాడు. "ఓడిపిచ్చిన గద? నర్‌బహదూర్‌ను కూసోవెట్టిన గద?"

వంటవాడు మోచేతికి అంటిన ఇసుక దులుపుకున్నాడు.

"పోచిగా, నువ్వన్న అనురా."

పోచన్న నోరు తెరిచాడు. "ఆ వంటోడు..." అని మొదలుపెట్టి, డబ్బా కింద పెట్టి, ముఖం అటు తిప్పుకున్నాడు.

వెళ్లే ముందు రోజు భీమయ్య మా ఇంటికి వచ్చాడు. స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. సోఫా అంచు మీద కూర్చున్నాడు. ఆమని కాఫీ ఇచ్చి, నిద్రపోతున్న పాపను ఆయన ఒడిలో పెట్టబోతే రెండు చేతులూ గాలిలోనే ఉంచి కంగారుపడ్డాడు.

"ఎట్ల వట్టుకోవాలె బిడ్డా?"

"మీకు ముగ్గురు పిల్లలు కదండీ?" అంది ఆమని.

"ఉన్నరు. ఒక్కలు పుట్టినప్పుడు సుత నేను లేను. నేను పోయేసరికి నడుస్తుండె."

ఆమని ఆయన మోచేయి వంచి, పాప తల అక్కడ ఆనేలా సర్దింది. ఆయన కదలకుండా, పాత్ర నిండా నీళ్లు పట్టుకున్నట్టు కూర్చున్నాడు. కాఫీ చల్లారిపోయింది. నేను ఎదురుగా కూర్చుని, పిటిషన్ నేనే రాశాను భీమన్నా అని మొదటిసారి నా నోటితో అన్నాను.

"నువ్వు గాకపోతే ఎవలు రాస్తరు సారూ? మంచి ఇంగ్లీషు నీకొక్కనికే అస్తది," అన్నాడు పాప ముఖం మీంచి చూపు తిప్పకుండా. కోపమూ లేదు, ఊరడింపూ లేదు ఆ గొంతులో. నన్ను క్షమించాడో లేదో నాకు ఈనాటికీ తెలియదు.

జూన్‌లో ఒక శుక్రవారం, ఫోన్ కార్డు కొని బెల్లంపల్లికి చేశాను. సాయవ్వ ఎత్తింది. ఆమె గొంతు వినడం అదే మొదటిసారి. నేనెవరో చెప్పాను.

"పాపకు మంచిగున్నదా సారూ? మస్తు చెప్తడు పాప ముచ్చట."

"బాగుందమ్మా. భీమన్న ఎలా ఉన్నాడు?"

"ఉన్నడు. మంచోడే సారూ, ఏం అనడు. కానీ ఇంట్ల ప్రతిదీ అడుగుతడు. ఫ్యాన్ ఎయ్యాల్నా అని అడుగుతడు. బయటికి పోయి రావాల్నా అని అడుగుతడు. నిన్న ఉప్పు డబ్బ యాడున్నదని అడిగి, నేను చెప్పిందాంక అన్నం ముందట వెట్టుకొని కూసున్నడు. నీ ఇల్లే గదయ్యా అంటే నవ్వుతడు."

"ఒకసారి ఇస్తారా ఆయనకు?"

"లేడు సారూ. పొద్దుమూకి బాయి కాలనీ గ్రౌండుకు పోతడు. ఆడ ఇప్పుడు పోరగాండ్లందరు క్రికెట్టే. ఊకెనే కూసోని అస్తడు. అచ్చినంక చెప్తా. ఏమన్న చెప్పాల్నా?"

కార్డులో ఇంకా ఏడు నిమిషాలు ఉన్నాయని ఫోనులోని గొంతు అంతకు ముందే చెప్పింది. ఏమీ లేదమ్మా, ఊరికే చేశాను అన్నాను.